కంటి ఫోటో తెరుచుకునేదాకా

ఏప్రిల్ 8, మంగళవారం

రాప్తాడు కంటి ఆస్పత్రిలో మా సర్వర్ మళ్లీ మొరాయించింది. కంటి ఫోటో ఒక్కటి తెరుచుకునేలోపు డాక్టరుగారు టీ తాగేశారు. సాయంత్రం మిగిలినవాళ్లను రేపు రమ్మన్నారు. వాళ్లలో ముదిగుబ్బ నుంచి వచ్చిన పుల్లన్న, ఆయన భార్య సుంకమ్మ ఉన్నారు. గొర్రెలు కాసే మనిషి. రెండు కళ్లలోనూ శుక్లాలు. మొన్న గుంతలో పడ్డాడట.

పోతూ పోతూ నా కిటికీ దగ్గర ఆగాడు.

"రెండుసార్లు తిప్పి పంపినారు. ఇంగ నేను రానమ్మా. చూపు లేకుంటే లేకపోనీ."

సుంకమ్మ ఆయన చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయింది. ఇక్కడ కంప్యూటర్లు చూసేది నేనే. ఆ మాట నాకే తగిలింది.

ఏప్రిల్ 9

వాళ్లు రాలేదు.

ఏప్రిల్ 10, గురువారం

ప్రాసెసర్ ఖాళీగా కూర్చుంది. తంటా అంతా డిస్క్‌తోనే. డేటా, దాని మార్పులు రాసుకునే లాగ్, రోజూ తీసే నకలు బ్యాకప్ మూడూ ఒకే పాత హార్డ్ డిస్క్ మీద. రాత్రి మొదలైన బ్యాకప్ ఓపీ తెరిచాక కూడా నడుస్తోంది. ఇక ఫోటో ఇచ్చే తీరిక దానికెక్కడిది?

మేనేజర్ శ్రీరంగప్పగారిని ఎస్‌ఎస్‌డీ అనే వేగమైన డిస్క్ అడిగాను. ఈ నెల కాదన్నారు. కదలకుండా నిలబడ్డాను. చివరికి తన కంప్యూటర్‌కని తెచ్చుకున్నది తీసిచ్చారు. చెడగొట్టావో చూడు అన్నారు, నవ్వుతూనే.

ఏప్రిల్ 13, ఆదివారం. ఉదయం

ఓపీ లేదు. సర్వర్ ఆపి డేటా, లాగ్ రెండూ కొత్త డిస్క్ మీదికి మార్చాను. డేటాబేస్ లేవడం లేదు. ఎన్ని ఊళ్లవాళ్ల కళ్లున్నాయి అందులో!

మధ్యాహ్నం

డేటాబేస్‌కు కొత్త ఫోల్డర్‌లో రాసే పర్మిషన్ ఇవ్వడం మరిచిపోయాను. అంతే. ఇవ్వగానే లేచింది. ఫోటో ఇలా నొక్కితే అలా వచ్చింది. ఒక్కదాన్నే గట్టిగా నవ్వాను. పాత డిస్క్‌ను బ్యాకప్‌కే వదిలేసి, ఓపీ తెరిచేలోపే ముగిసేలా దాని వేళ ముందుకు జరిపాను.

ఏప్రిల్ 14

సుంకమ్మకు ఫోన్ చేశాను. ఇది నా ఉద్యోగంలో లేని పని. ఆయన రానంటున్నాడని చెప్పింది. ఫోన్ ఆయనకిమ్మన్నాను. ఈసారి తిప్పి పంపం పెద్దాయనా, పూచీ నాది అన్నాను. అరుస్తున్న గొర్రెల్ని అదిలించి మళ్లీ ఫోన్‌లోకి వచ్చాడు.

"ఇంతగా అడుగుతాండావు కదమ్మా. వస్తాంలే."

ఏప్రిల్ 15

వచ్చారు. ఎవర్నీ వెనక్కి పంపలేదు. రేపు ఆయన కుడికంటికి ఆపరేషన్.

ఏప్రిల్ 17

పట్టీ విప్పుతుంటే నేనూ వెళ్లాను. సుంకమ్మ పొద్దున్నే జుట్టుకు నల్లరంగు వేసుకుంది. పుల్లన్న ఆమెనే చాలాసేపు చూశాడు.

"ఏమే, నొసట ఆ మసేంది?"

సుంకమ్మ సిగ్గుతో గోడవైపు తిరిగింది.