నా తరఫున నీ చేయి

అమ్మకు,

నీ కూతురు నమస్కరించి రాస్తున్నది. అక్కడ నువ్వూ, తమ్ముడూ, నీ కుట్టుమిషనూ కులాసా అని తలుస్తాను. ఇక్కడ అందరం క్షేమమని రాయడం ఆనవాయితీ. ఈ గదిలో అందరం అంటే నేనొక్కదాన్నే కనుక ఆ వాక్యాన్ని చివరికి వాయిదా వేస్తున్నాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. అన్నం సయిస్తున్నది. జుట్టు మొలుస్తున్నది, ఈకలు రాని కోడిపిల్లలా ఉన్నాను. రక్త క్యాన్సర్‌కు మందు ఇంకా కొన్ని నెలలు ఎక్కించాలట. గది అద్దెకిచ్చిన ఇంటావిడ భోజనం పళ్లెం గుమ్మం బయట పెట్టి, తలుపు తట్టి, నేను తీసేలోపే మెట్లు దిగిపోతుంది. నాకు ఏ జబ్బూ అంటకూడదని, నా మేలు కోరేనని తెలుసు. అయినా ఆ అడుగుల చప్పుడు వింటే ఆకలి చచ్చిపోతుంది.

నీకు గొప్పగా రాసిన, టీకాల మీద జరిగిన ఆ చర్చాపోటీలో ఈ గది నుంచే ఫోన్‌లో మాట్లాడాను. టీకా వేసుకున్న నేనే దాని శక్తికి సాక్ష్యమని గర్జించి గెలిచాను. చప్పట్లు మోగుతుండగానే అవతల ఎవరో ఫోన్ పెట్టేశారు. తర్వాత ఫ్యాను చప్పుడొక్కటే మిగిలింది.

ఇక నీ వాదం. "నీకు టీకా పడిందిగా, ఇక నాకెందుకే సూది? వచ్చే వారం వచ్చేస్తా" అన్నావు. వేళ్లకు రోజూ సూది గుచ్చుకునే మనిషి దానికి జడవడం విడ్డూరమే. అయినా నీ తర్కంలో లోపం లేదు. నేనిచ్చిన ఆధారంలో ఉంది.

అమ్మా, ఆ టీకా నాకు పనిచేయలేదు. పోటీ మరునాడే రక్తపరీక్ష ఫలితం వచ్చింది. యాంటీబాడీలు దాదాపు లేవు. అలవాటు కొద్దీ డాక్టరమ్మతో వాదనకు దిగాను. ఆవిడ చివరిదాకా విని, "యాంటీబాడీలు తయారుచేసే కణాలను కూడా మన మందే తుడిచేస్తుంది తల్లీ. చికిత్స అయ్యాక మళ్లీ వేద్దాం. అందాకా నీ దగ్గరికొచ్చేవాళ్లు వేయించుకోవాలి" అన్నారు. 

గెలుపు నీకు రాసి, ఇది దాచాను. భయపడతావని కాదు, రాకుండా ఆగిపోతావని.

కొలతలకని ఊరంతా నీ ముందు నిలబడుతుంది, ఎవరి జబ్బయినా నీతో ఇక్కడికి రావచ్చు. అందుకే వచ్చే వారం రావద్దు. టీకా వేయించుకో, అది ఒంటికి పట్టడానికి డాక్టరమ్మ చెప్పిన గడువు ఆగు, జలుబైనా లేనప్పుడు మాస్కు పెట్టుకుని రా. ఇది వాదన కాదు, బతిమాలడం. నా ఒంటికి చేతకాని పని నీ చేతిని చేసిపెట్టమంటున్నాను.

తలుపు తట్టాక మాత్రం మెట్లు దిగిపోకు. ఆ రోజు ఇద్దరం కలిసి తమ్ముడికి రాద్దాం, ఇక్కడ అందరం క్షేమమని.

ఇట్లు,
వాదన చాలించి ఎదురుచూస్తున్న
నీ కూతురు