చిన్నకార్లు రావట్లేదట

ఏవండీ,

రేపు మీ సంవత్సరీకం. ఈలోగా ఇక్కడ జరిగింది మీకు చెప్పకపోతే నాకు తిన్నది అరగదు.

మన చిన్నకారు మూలపడింది. అలాంటిదే ఇంకోటి కొందామని అబ్బాయితో షోరూముకి వెళ్లాను.

"చిన్నవి ఎవరూ కొనట్లేదండి, ఆపేశారు. అందరికీ సన్‌రూఫే కావాలి," అన్నాడు సేల్స్‌మాన్.

మన రామచంద్రపురం ఎండకి నెత్తిమీద కిటికీ ఏంటండీ, విడ్డూరం కాకపోతే!

పైగా మీ పుత్రరత్నం, "నాన్న కారులాంటిదాంట్లో తిరిగితే మన కిరాణాకొట్టు మూతపడిందనుకుంటారమ్మా," అన్నాడు. ఆ కారులోనే మీరు వాణ్ణి పరీక్షలకి తీసుకెళ్లేవారు.

మన సందులో పట్టని బండి బుక్ చేశాడు. "ఎక్కడ పెడతావురా?" అంటే, "మెయిన్‌రోడ్డు మీద పెట్టి ఇంటికి నడిచొస్తాను," అన్నాడు.

అసహ్యమేసి, నేనొక్కదాన్నే బస్సెక్కి వచ్చేశాను. మీరుంటే నా పక్కన కూర్చునేవారు.