ఇన్నయ్య డాబా మీద ఎండ

నడికుడి,
జూన్ 11.

క్రీస్తునందు నాకు తమ్ముడైన జయకర్‌కు,

యేసుపాదం అన్న రాసేది. నువ్వు నా ఫోను ఎత్తడం మానేసి నాలుగు నెలలయింది. నీ స్థానంలో ఉంటే నేనూ ఎత్తేవాణ్ణి కాదు. నంద్యాల స్టేషను, సిగ్నల్ ఆఫీసు అని రాస్తే చేరుతుందని ఇక్కడ నీతో పనిచేసినవాళ్ళు చెప్పారు. చించే ముందు ఒక్కసారి చదువు. ఇందులో బోధ ఉండదు. అలిసిపోయాను తమ్ముడూ.

ఇన్నయ్యన్న పోయాడు. మే ఆరో తారీఖున.

ఆయన నాకు ఎవరో నీకు తెలుసు. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలో ఇద్దరం పక్కపక్కన రాయి మోశాం. మధ్యాహ్నం బువ్వ తిన్నాక తన బైబిలు నా ఒళ్ళో పెట్టి, "నేను చెప్పను, నువ్వే కూడబలుక్కో" అన్నాడు. కూడబలుక్కున్నాను. ఆ ఒక్క పుస్తకంతోనే అక్షరాలు వచ్చాయి, ఆ అక్షరాలతోనే నోరు వచ్చింది. నాకు నోరిచ్చిన బట్టీ ఆయన ఊపిరి తీసుకుంది. చివరి రెండేళ్ళూ ముక్కులో గొట్టం పెట్టుకుని, కరెంటుతో నడిచే ఆక్సిజన్ మిషను పక్కనే కూర్చుని బతికాడు.

ఫిబ్రవరిలో నరసరావుపేటలో సోలార్ పెట్టుకున్న మన సూర్యమిత్రుల కూడిక సంగతి నీకు నేను గుర్తుచెయ్యాల్సిన పని లేదు. అయినా రాస్తాను. నా చేత్తో రాయకపోతే అది నా తప్పుగా నిలబడదు. వేపచెట్ల కింద కరెంటు కార్లు వరసగా పెట్టుకుని, ఎవరిది ఎన్ని కిలోమీటర్లు వస్తుందో, ఎవరింటి మీద ఎన్ని ప్యానెళ్ళు ఉన్నాయో చెప్పుకుంటున్నాం. మిర్చి రైతు గోపాలరావు నన్ను ఆటపట్టించాడు. "ఏమయ్యా బోధకుడా, ఎత్తు ఎక్కేటప్పుడు నీ కారుకు చార్జింగు పెడతావా, ప్రార్థన పెడతావా?"

"రెండూ పెడతా. నువ్వు ఒకటే పెడతన్నావు, అందుకే నీ కారు పోయినవారం ట్రాక్టరు వెనక తాడుకు వేలాడింది" అన్నాను.

అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు ఎక్కింది. అప్పుడు నువ్వు నెమ్మదిగా అన్నావు. "అన్నా, ఒక మాట. మీరు ఇల్లిల్లూ తిరిగి సోలార్ పెట్టిస్తన్నారు, మంచిదే. కానీ బ్యాటరీ లేకుండా పెడితే లైను కరెంటు పోయినప్పుడు అదీ ఆగిపోద్ది. లైన్‌మన్ స్తంభం మీద ఉంటాడు గదా, మన డాబా మీది కరెంటు లైనులోకి పోతే మనిషి చస్తాడు. అందుకని సోలార్ ఇన్వర్టర్ పెట్టె దానంతట అదే ఆపేసుకుంటది. జబ్బు మనుషులున్న ఇళ్ళలో చెప్పాలి గదా."

నేనేమన్నాను? "ఏందిరా అల్పవిశ్వాసీ! నడినెత్తిన సూర్యుణ్ణి పెట్టుకుని కరెంటు లేదంటావు? యెహోషువ కోసం సూర్యుణ్ణే ఆపినవాడు నీ ఫ్యాను ఆపుతాడా?" అన్నాను. చప్పట్లు కొట్టారు. నువ్వు తలవంచుకుని బండి తీశావు. వారం తిరక్కుండా నీకు నంద్యాల బదిలీ వచ్చింది. సత్యం మాట్లాడినవాణ్ణి వాక్యంతో కొట్టి తరిమాను. యేసును శోధించడానికి సాతాను కూడా వాక్యమే పట్టుకొచ్చాడుగా అరణ్యంలోకి.

నాకు అంత ధీమా ఎక్కడిదో చెప్తాను. మా ఇంట్లో పగలు కరెంటు పోయినా ఫ్యాను తిరిగేది. సూర్యుడి మహిమ అనుకున్నాను. అది మెట్ల కింద ఉన్న మా పాత ఇన్వర్టర్ బ్యాటరీ మహిమ. ఎప్పుడో కొన్నది, ఉన్న సంగతే మరిచాను. విప్పి చూడలేదు, ఎవర్నీ అడగలేదు. సొంతంగా చదువుకున్నవాడికి ఉండే జబ్బు ఇది. అడగడమంటే ఓడిపోయినట్టు.

మార్చిలో ఇన్నయ్యన్న డాబా మీద ప్యానెళ్ళు పెట్టించాను. ఆ ఇంట్లోనూ బ్యాటరీ ఉంది. మిషను కోసమే ఉంచుకున్నారు. "ఇంకెందుకన్నా ఈ యాసిడ్ డబ్బా, పైన సూర్యుడున్నాడు. ఊళ్ళమ్మట సువార్తకు నాకు మైకు బ్యాటరీ కావాలి, దేవుడి పనికి ఇచ్చెయ్" అన్నాను. దయామణి వదిన సందేహించింది. ఆయనే, "మనోడు చెప్పాక ఇంకేంది?" అని నాతోపాటు గుమ్మందాకా దగ్గుకుంటూ వచ్చి దాన్ని నా కారులో పెట్టించాడు.

ఏప్రిల్‌లో ఒక పగలు ఆ ఇంట్లో కరెంటు ఆగింది. వదిన ఫోను చేసింది. "దుమ్ము పట్టి ఉంటది వదినా, తడిగుడ్డతో తుడువు" అన్నాను. ఆమె నిచ్చెన ఎక్కి తుడిచి దిగేసరికి లైను కరెంటు దానంతట అది తిరిగొచ్చింది. తుడిస్తే వస్తుందని ఆమె నమ్మింది. ఆమె చెబితే నేనూ నమ్మాను.

మే ఆరున లైన్ల కింద కొమ్మలు కొట్టడానికి పొద్దున తొమ్మిదింటికే కరెంటు తీశారు. మిషను ఆగింది. వదిన ఆటో పిలవలేదు. ఆస్పత్రికి పోదామనుకోలేదు. బిందె, గుడ్డ తీసుకుని డాబా ఎక్కింది. అరవై దాటిన మనిషి, మే ఎండలో, ఒక్కో ప్యానెలూ తుడిచి దిగడం, స్విచ్చి వేసి చూడటం, మళ్ళీ ఎక్కడం. మూడుసార్లు ఎక్కింది. పక్కింటి టీచరమ్మ మెహరున్నీసా చూసి పరుగెత్తుకొచ్చి ఆటో పిలిపించేసరికి గంట దాటింది. ఆస్పత్రి గేటు కనిపిస్తుండగా ఆయన ప్రాణం పోయింది.

ఆ గంటలో వదిన నాకు ఆరుసార్లు ఫోను చేసింది. నేను వెల్దుర్తి దగ్గర ఒక చింతతోపులో సువార్త మీటింగులో ఉన్నాను. కరెంటు లేని చోటు. మైకు ఇన్నయ్యన్న బ్యాటరీ మీద మోగుతోంది. ఫోను వెలగడం చూశాను జయకర్. వదిన పేరు చూశాను. మాట మంచి ఊపు మీద ఉంది. తర్వాత చేద్దాంలే అనుకున్నాను.

సమాధి దగ్గర నేనే వాక్యం చెప్పాను. "దేవుడు తన దాసుణ్ణి తన సమయంలో పిలుచుకున్నాడు" అన్నాను. ఏడ్చారు అందరూ. నా తప్పు ఎత్తి దేవుడి నెత్తిన పెట్టి, దాని మీద పూలు చల్లి వచ్చాను.

ఆనాటి నుంచి నిద్ర లేదు, ఆకలి లేదు. బోధకులకు తీర్పు మరింత కఠినమని రాసి ఉంది, ఎన్నిసార్లు చదివానో, ఇతరుల కోసమే చదివాను. ఒక నిర్ణయానికి వచ్చాను. ఇక బోధ చెయ్యను. మైకు అమ్మేస్తాను. నోరు మూసుకుని ఏదన్నా కూలిపని చూసుకుంటాను. ఈ సంగతి మనుషుల్లో నీకొక్కడికే చెబుతున్నాను. నీకు చేసిన అవమానానికి నన్ను క్షమించు.

నోరు మూతపడిన మీ అన్న,
యేసుపాదం

*

నంద్యాల,
జూన్ 19.

యేసుపాదం అన్నకు,

మీ ఉత్తరం రెండు డ్యూటీల మధ్య చదివాను. ఇన్నయ్యన్న పోయిన సంగతి నాకు తెలియదు. చెప్పేవాళ్ళు లేరు. సూర్యమిత్రుల ఫోను గ్రూపులోంచి నేనే బయటికొచ్చానుగా.

నిజం రాస్తాను. ఆయన ఇంట్లో మిషను ఉందనీ, మీరు అక్కడా ప్యానెళ్ళు పెట్టిస్తారనీ నాకు తెలుసు. ఆ రోజు నేరుగా వెళ్ళి ఆయనకు చెప్పొచ్చు. మీమీద కోపంతో ఆగిపోయాను. "చెప్పా, వినలేదు, వాళ్ళే చూసుకుంటారు" అనుకుని రైలెక్కాను. అందుకని మిమ్మల్ని క్షమించేంత ఎత్తులో నేను లేను.

ఒక్కటి అడుగుతాను. ఇదంతా నాకు రాశారు, అయిదు కాగితాలు. పోయింది నా మనిషి కాదు. వదినకు చెప్పారా?

జయకర్

*

నడికుడి,
జూలై 2.

తమ్ముడు జయకర్‌కు,

నీ ఉత్తరంలో చివరి మాట ఒక్కటే చదివాను, మిగతాది తర్వాత చదివాను. మూడు రోజులు ఆ వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. నాలుగో రోజు వెళ్ళాను.

వదిన వసారాలో కూర్చుని మిరపకాయలకు తొడాలు తీస్తోంది. "రా కూర్చో, ఘాటు తగులుద్ది, ఆ పక్కకు" అంది. కూర్చోలేదు. నిలబడే చెప్పాను. నువ్వు చెప్పింది, నేను నిన్ను ఎగతాళి చేసింది, బ్యాటరీ, చింతతోపు, ఆరు ఫోన్లు. ఒక్క వాక్యమైనా నోటికి రాలేదు. నా బతుకులో వాక్యం లేకుండా అంతసేపు మాట్లాడింది అదే.

ఆమె చేతులు ఆగలేదు. తొడిమ ఒక పక్కకు, కాయ ఒక పక్కకు. తలెత్తకుండానే అడిగింది. "ఆ మీటింగుకు ఎంతమంది వచ్చారు?"

"రెండొందల మంది దాకా."

"అందరికీ వినపడిందా?"

"వినపడింది వదినా."

"ఈయన నన్ను పిలిచాడంట. టీచరమ్మ చెప్పింది, గోడవతలికి వినపడిందంట. నాకు వినపళ్ళా. పైన ఉన్నా."

తమ్ముడూ, నరకాన్ని గురించి ఎన్నో ప్రసంగాలు చేశాను. అది ఎలా ఉంటుందో ఆ వసారాలో తెలిసింది.

కాళ్ళ మీద పడబోయాను. "లెగు. మిరపకాయలు తొక్కుతున్నావు" అంది. నేను బోధ మానేస్తున్నానని చెప్పాను, మైకు అమ్మకానికి పెట్టానని చెప్పాను. అప్పుడు తలెత్తింది. ఆయన పోయిన రోజున కూడా ఆమె కళ్ళలో అంత కోపం చూడలేదు.

"మానేస్తావా? ఏందయ్యా, హాయిగా ఉంటదనా? మా ఇంట్లో ఒక్క ఇంట్లోనే చెప్పావా నువ్వు? ఇంకో ఎనిమిది ఇళ్ళల్లో చెప్పావు గదా, ఎండ ఉంటే కరెంటు ఉంటదని. ఆ ఆడోళ్ళు కూడా గుడ్డలు పట్టుకుని ఎక్కుతున్నారు. వాళ్ళకెవురు చెబుతారు, నేను తిరగాలా? కావలివాడు బూర ఊదకపోతే చచ్చినోడి నెత్తురు వాడి నెత్తినే అని అరిచేవాడివి గదా, మాకందరికీ చెవులు చిల్లులు పడేటట్టు. ఇప్పుడు బూర అమ్ముకుంటావా?"

చేతిలో ఉన్న కాయ పక్కన పడేసింది.

"ఇంకోటి. సమాధి కాడ దేవుడు పిలిచాడన్నావు. దేవుడు పిలవలా. నేను డాబా మీదున్నా, నువ్వు మైకు కాడున్నావు. దేవుడి మీద వెయ్యమాకు. ఎక్కడ అన్నావో అక్కడే వెనక్కి తీసుకో. అందాకా నా గడప తొక్కమాకు."

"క్షమిస్తావా వదినా" అని అడిగాను. సిగ్గు లేకుండా అడిగాను.

"ముందు ఆ ఇళ్ళన్నీ తిరిగిరా" అంది. మళ్ళీ కాయలమీదికి వంగింది.

ఆదివారం ప్రార్థన మందిరంలో లేచాను. మైకు పెట్టలేదు. చెప్పాను. సంఘంలో సగంమంది తలలు వంచుకున్నారు, ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. ఒకాయన, "బోధకుడా, ఇవన్నీ నాలుగ్గోడల మధ్య చెప్పుకునేవి" అన్నాడు. వదిన వెనక వరసలో కూర్చుంది. నా వైపు చూడలేదు. ఆమె ఇంటికి వెళ్ళిన తర్వాత గోపాలరావు బయట కారు దగ్గర కనిపించాడు. ఆయన మన సంఘం కాదు, ఎవరో చెబితే వచ్చాడట. "ఆ రోజు చప్పట్లు ముందు కొట్టింది నేనే గదయ్యా" అన్నాడు. సూర్యమిత్రుల గ్రూపులో ఇదంతా ఒప్పుకుని నేను రాసిపెట్టిన సంగతిని ఆయనే పైకి అతికించి, అందరికీ కనబడేటట్టు చేశాడు.

సోమవారం నుంచి ఇళ్ళు తిరుగుతున్నాను. కాళ్ళు లాగుతున్నాయి. ఒక్కో ఇంట్లోనూ మొదటినుంచి చెప్పాలి, తగ్గించి చెబితే అబద్ధమవుతుంది. ఒక ఇంట్లో తిట్టారు. ఒక ఇంట్లో టీ ఇచ్చారు, అది తిట్టుకన్నా కష్టంగా దిగింది. ఒక పెద్దాయన నమ్మనే లేదు, "నీకు విశ్వాసం తగ్గింది బోధకుడా, అందుకే ఇట్టా మాట్లాడతన్నావు" అని నేను నీకు చెప్పిన మాటనే నాకు చెప్పాడు. రెండు గంటలు కూర్చున్నాను ఆయన దగ్గర.

ఏడో ఇల్లు నీలిమది. నీకు తెలియదు, కొత్తగా పెళ్ళయి వచ్చిన అమ్మాయి. వాళ్ళ అత్తకు ఉబ్బసం, మందును పొగలా పీల్చే మిషను రోజుకు మూడుసార్లు పెట్టాలి. అంతా విని, ఆ అమ్మాయి ఏడవలేదు, కోప్పడలేదు. చీరకొంగుతో చేతులు తుడుచుకుని సూటిగా అడిగింది. "సరే అన్నా. మరి ఇప్పుడు కరెంటు పోతే మేం ఏం చెయ్యాలి? ఏ బ్యాటరీ కొనాలి, ఎంతసేపు వస్తది? కారులోంచి మిషనుకు కరెంటు తీసుకోవచ్చంటన్నారు, నిజమేనా?"

నా నోటికి అలవాటుగా ఏదో రాబోయింది. పళ్ళ దగ్గర ఆపాను. "నాకు తెలియదమ్మా" అన్నాను. ముప్పై ఏళ్ళ బోధలో ఆ మాట ఎన్నడూ అనలేదు. అన్నాక ఆ పిల్ల నన్ను చిన్నచూపు చూస్తుందేమో అనుకున్నాను. చూడలేదు. "తెలిసినోళ్ళు ఎవరన్నా ఉన్నారా?" అంది, అంతే.

ఉన్నాడని చెప్పాను. నీ పేరు చెప్పాను.

ఆమె ప్రశ్నలన్నీ పైన రాశాను. నీకు సెలవు దొరికితే రా. దొరక్కపోతే జవాబులు రాయి, నువ్వు రాసినవి రాసినట్టు చదివి వినిపిస్తాను, నా మాట ఒక్కటి కూడా కలపను. త్వరగా రాయి తమ్ముడూ. వచ్చే వారం శుక్రవారం పగలంతా మళ్ళీ లైను తీస్తారట.

నీ జవాబు కోసం చూస్తూ,
యేసుపాదం