క్లిఫర్డ్‌కి దక్కిన మాట

బెరిల్ అక్కకి,

హెబ్డెన్ బ్రిడ్జి నుంచి నీ గ్లెనిస్ రాస్తున్నాను. నేనూ ఏవ్రిలూ కులాసాగానే ఉన్నాం, పిల్లికే జలుబు. నీ మోకాలి నొప్పి తగ్గిందని రాశావు, మనసు కుదుటపడింది.

"పద్దెనిమిదేళ్ళుగా సివిల్ పార్టనర్‌షిప్‌లో ఉన్నారు. పెన్షనూ, ఇల్లూ అన్నీ పెళ్ళయినవాళ్ళతో సమానమే. ఇప్పుడు దాన్ని పెళ్ళిగా మార్చుకోవాలని ఏంటే నీ గోల?" అని అడిగావు. సమానమేనా? పెళ్ళిలో అందరి ముందూ నోరు విప్పి "ఈ మనిషినే చేసుకుంటున్నాను" అనాలి. మాలాంటి ఆడ జంటలకి అప్పట్లో పెళ్ళి లేదు, దాని బదులు ఇచ్చిన ఈ కాయితం మీద సంతకం పెడితే చాలు. ఆ రోజు ఏవ్రిల్ ఒక్క ముక్క అనలేదు. సంతకం గీకేసి, "పద, ఆకలేస్తోంది" అంది. ఇంకోటి విను. అప్పట్లో పెళ్ళయినవాళ్ళు, తోడు ఇంకొకరితో దారి తప్పితే ఆ కారణం చెప్పి విడాకులు అడగొచ్చు. మాకు చట్టంలో ఆ కారణమే లేదు. మాకు కుళ్ళుండదనుకున్నారు కాబోలు!

నాకుంది అక్కా, ఒళ్ళంతా కుళ్ళే. ఏవ్రిల్ మొదటి మొగుడు క్లిఫర్డ్‌కి చర్చిలో, ఎనభై మంది ముందు, ఆ మాట చెప్పింది. వాడు సంతలో ఎదురుపడి "బావున్నావా, ఏవీ" అని ముద్దుపేరుతో పిలిస్తే చాలు, నా కడుపు మండిపోతుంది.

నీ దగ్గర ఒకటి దాచాను. పెన్షన్ కోసమని అబద్ధం చెప్పి, మొన్న మంగళవారం ఏవ్రిల్‌ని రిజిస్ట్రారు ఆఫీసుకి లాక్కెళ్ళాను. పెళ్ళిగా మారిస్తే ఆ మాట అనక తప్పదని నా ఆశ. అక్కడి అమ్మాయేమో, "ఏమీ అననక్కర్లేదండీ, ఇద్దరూ సంతకం పెట్టండి. పెళ్ళి కూడా పాత తేదీ నుంచే లెక్క" అంది. మళ్ళీ సంతకమే! ఏడుపొచ్చేసింది.

"పెన్షన్ కోసం ఎవరైనా ఏడుస్తారటే?" అంది ఏవ్రిల్. ఆ అమ్మాయి ముందే అంతా కక్కేశాను.

ఏవ్రిల్ పెన్ను కింద పెట్టింది. "పిచ్చిదానా! వాడికి అంతమంది ముందు మాటిచ్చి, నాలుగేళ్ళకే తప్పాను. మళ్ళీ ఆ మాట అనాలంటే భయమేసింది. నీకు చెప్పలేదు. కానీ నీ దగ్గర ఒక్క రోజైనా తప్పానా?"

ఆ అమ్మాయి ముక్కు తుడుచుకుని, "మరి సంతకం పెడతారా?" అంది. పాత కాయితమే చాలని చెప్పి వచ్చేశాను.

"కుళ్ళు తీరిందా?" అంది ఏవ్రిల్ బయటికొచ్చాక. "సగం" అన్నాను.

నిన్న సంతలో క్లిఫర్డ్ కనిపించాడు. ఈసారి నేనే ముందు పలకరించాను, "బావున్నావా?" అని. పాపం, నోరెళ్ళబెట్టాడు.

ఇట్లు,
ఇంకా సగం కుళ్ళు మిగిలిన నీ చెల్లెలు,
గ్లెనిస్