ఇంజనుకు బోరు

లింగాల ఘనపూర్,
చైత్రం, 1987.

చిరంజీవి సంజీవను నీ బాపు జగపతి ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం అని మొదట రాయాలి కనుక రాశాను. మీ అవ్వ మోకాళ్లు అట్లాగే ఉన్నాయి. ఎర్రావు ఈనింది, కోడెదూడ. భూపాలపల్లిలో నువ్వు, కోడలు కమల, పిల్ల బాగున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అంది చాలా రోజులైంది. కళ్ల దవాఖానకు పోయావా అని అడిగావు. పోలేదు. నా కళ్లకు ఏమీ కాలేదు. ఊరి బయట గట్టు మీద పోయే మనిషిని నడక చూసి ఎవరో ఇప్పటికీ చెబుతాను. మీ అవ్వను అక్కడికి తీసుకొచ్చి పెద్ద డాక్టరుకు చూపించమన్నావు. హనుమకొండలో బస్సు మారి అంత దూరం రావడం ఆమె వల్ల కాదు. బొగ్గుబావి వర్క్‌షాపులో సెలవు దొరకడం లేదన్నావు. దసరాకు దొరకలేదు, పీర్ల పండుగకు దొరకలేదు, చిట్యాలలో నీ మరదలి పెళ్లికి మాత్రం దొరికింది. చిట్యాల మీకు దగ్గర అంటావు. దగ్గరే, ఒప్పుకుంటాను.

ఇంజను సంగతి అడిగావు. పాతదే బాగు చేయించావా, కొత్తది కొన్నావా, ఒక్క ముక్క రాయలేదేమని అడిగావు. ఇంకొకటి కూడా అడిగావు. మన ఊరి గట్టమ్మ చిట్యాలలో చుట్టాల ఇంటికి వచ్చి, నీ మేనత్త కౌసల్య నిన్ను తిట్టిపోస్తున్నదని చెప్పిందట. మేనత్తకు నేనేం చేశాను బాపూ అని రాశావు. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే. అందుకే ఇన్ని రోజులు కాగితం ముందేసుకొని కూర్చోలేదు. ఇప్పుడు రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టి చదువు.

ఆ ఇంజను తెలంగాణ గొడవలు అయిన మరుసటి ఏడు తెచ్చాను. గొడవల్లో బడులు మూతపడి నీకు ఒక ఏడు చదువు పోయింది, గుర్తుండే ఉంటుంది. అప్పటిదాకా మన బావికీ కౌసల్య బావికీ మోటే. ఇంజను వచ్చాక దాన్ని పాత బండి ఇరుసు మీద బిగించి రెండు బావులకూ తిప్పాము. రెండు రోజులు మన బావి, రెండు రోజులు ఆమె బావి. ఆమె మొగుడు చనిపోయినా ఆ వంతు తప్పలేదు. ఆమె వంతు వచ్చిన పొద్దున ఎడ్లు కట్టి నేనే తోలుకపోయి, పైపు బావిలో దించి, హ్యాండిల్ తిప్పి వచ్చేవాణ్ని. ఇది నా గొప్ప కోసం రాయడం లేదు. వెనుక జరిగింది నీకు అర్థం కావాలని రాస్తున్నాను.

పోయిన వానాకాలం నుంచి ఇంజను సతాయిస్తూ వచ్చింది. నల్ల పొగ, ఆయిలు తాగుడు, హ్యాండిల్ తిప్పడానికి ఇద్దరు మనుషులు. జనగామ నుంచి మెకానిక్ పెద్దులును పిలిపించాను. అతను విప్పి చూసి, లోపల అరిగిపోయింది పటేలా, ముసలిదైంది, దీని మీద ఎందుకు పెడతావు, కరెంటు లైను వచ్చింది కదా, దీన్ని తీసేసి మోటారు చూసుకో అన్నాడు. ముసలిదైంది అన్న మాట నాకు నచ్చలేదు. నా కొడుకు ఫిట్టరు, వాణ్ని అడుగుతానని అతనికి చెప్పి, నీకు రాశాను.

నువ్వు వెంటనే జవాబు రాశావు. అది తప్పు కాదు. ఆ ఉత్తరం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. పాత ఇంజనుకు బోరు చేయించు, ఇంకా పదేళ్లు నీళ్లు పోస్తుంది, ఇప్పుడే కొత్తది కొనకు అని ఉంది. దాని కింద సందు లేకుండా గొలుసురాత రాశావు. అందులో తెలుగు అక్షరాలతోనే ఇంగ్లీషు మాటలు నాలుగైదు.

బోరు చేయించు అని చదివాను. మనం బోరు వేయించు అంటాము, నువ్వు చేయించు అని రాశావు. కంపెనీ మనుషులు అట్లాగే అంటారు కాబోలు అనుకున్నాను. అప్పుడు ఈ చుట్టుపక్కల ఎవరి నోట విన్నా బోరు మాటే. బావిలో నీళ్లు తక్కువై ఇంజను కష్టపడుతున్నది, బోరు వేస్తే నీళ్లు దండిగా వచ్చి దానికి బరువు తగ్గుతుంది, అందుకే పదేళ్లు నడుస్తుందని రాశాడు, నా కొడుకు తెలివిగలవాడు అనుకున్నాను.

మీ అవ్వ మాత్రం అడిగింది.

"ఇంజనుకు బోరెందుకయ్యా? బాయిల నీళ్లున్నయి గద."

"నీ కొడుకు రాసిండు. వానికంటె నీకెక్కువ తెలుసా?" అన్నాను. 

బోరు వేసే రిగ్గు బండి వచ్చింది. వాళ్లు కోస్తా వాళ్లు. గిక్కడ బండ ఎంత లోతుల తగులుతది అని నేను అడిగితే, వాళ్ల పెద్ద తన పనివాళ్ల వైపు తిరిగి గిక్కడ, గక్కడ, గిట్ల, గట్ల అని నా గొంతుతో అన్నాడు. వాళ్లందరూ నవ్వారు. ఇంటికి వచ్చిన మనుషులని ఊరుకున్నాను. అన్నం పెట్టాను, తిన్నారు, అప్పుడూ నవ్వుకున్నారు.

నీళ్లు మాత్రం పడ్డాయి. మనిషి ఎత్తు లేచాయి. ఊరు ఊరంతా వచ్చి చూసింది. మీ మేనత్త వచ్చి కొబ్బరికాయ కొట్టింది. సంజీవ చెప్పిండు, నేను వేయించిన అని వచ్చినవాళ్లందరికీ చెప్పాను. నీ పేరు చెబుతుంటే నాకు సంతోషంగా ఉండింది. ఇది నిజం.

మరునాడు పెద్దులును పిలిచి బోరుకు ఇంజను బిగించమన్నాను. అతను బోరు చూశాడు, ఇంజను చూశాడు, నా ముఖం చూశాడు. ఈ ఇంజను ఇంత లోతు నుంచి నీళ్లు గుంజదు, ఎవరు చెప్పారు అన్నాడు. సంజీవ రాశాడన్నాను.

"సంజీవ ఫిట్టరు గద పటేలా. ఇంజనుకు బోరంటె, లోపల అరిగిన కాడ లేతు మిషిని మీద తొలిపిచ్చి కొత్త పిస్టను ఎక్కిచ్చుడు. గది రాసి ఉంటడు. జర ఉత్తరం జూడనియ్యి."

"నా కొడుకు ఏం రాసిండో నీకెట్ల తెలుసు? నీ పని నువ్వు జూస్కో," అన్నాను.

ఉత్తరం చూపించలేదు. ఇంట్లోకి పోయి తలుపు దగ్గరికి వేసి, నేనే తీసి మళ్లీ చదివాను. నువ్వు రాసిన ఇంగ్లీషు మాటలను ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటే సిలిండరు అని వచ్చింది. లేతు అని వచ్చింది. మొదటిసారి చదివినప్పుడు వాటిని కూడబలకలేదు. రానివి వదిలేసి, వచ్చినవి చదివి, అర్థమైందని ఉత్తరం మడిచి పెట్టాను.

అప్పుడే బయటికి వచ్చి పొరపాటు పడ్డానంటే పోయేది. ఊరంతా కొబ్బరికాయ కొట్టి పోయిన మరునాడు, ఆ బోరు గుంత చదువు రాక వేశానని ఎట్లా చెప్పేది? చెప్పలేదు. కరెంటుకు దరఖాస్తు పెట్టి, బోరులో దించే మోటారు కొని తెచ్చాను. ఎవరైనా అడిగితే, ముందు బోరు, దాని మీద మోటారు, సంజీవ లెక్క అదే అన్నాను. పాత ఇంజను ఇక మీ మేనత్తకే వదిలేశాను. పొగ కక్కుతూనే ఏదో నడిచేది. చెల్లెకు ఇంజను ఇచ్చేశాడు, పెద్ద మనసు అన్నారు. ఆ మాట కూడా తీసుకున్నాను.

మనకు వరి పచ్చగా లేచింది. శివరాత్రి దాటేసరికి కౌసల్య బావిలో అడుగు తేలింది. ఆ బావి ఏ కరువులోనూ అట్లా ఎండలేదని నీకు తెలుసు. ఆమె వరి పొట్ట మీద ఉన్నది. మోటారు దగ్గరికి వచ్చి నిలబడింది.

"అన్నా, జర మోటరు బంద్ పెట్టు. నా బాయి గుంజుకపోతున్నది."

బండ కింది నీళ్లు వేరు, బావి నీళ్లు వేరు, సంజీవ తెలియకనే రాస్తాడా అన్నాను. ఆమె మన మడి వైపు తిరిగింది. అప్పుడు అక్కడ కలుపు తీస్తున్న సోమక్క, ఇంకో నలుగురు ఆడవాళ్లు వినేటట్లు అన్నది.

"వాన్ని సంకల ఎత్తుకొని పెంచిన. వాడు నా నోట్ల మన్ను గొట్టిండు. వాడు మంచిగుండడు."

నేను అక్కడే ఉన్నాను సంజీవా. అది నీ మాట కాదని నాకు తెలుసు. కాదు అనలేదు. మోటారు నడుస్తూనే ఉంది. నిన్ను ఆమె ఎందుకు తిడుతున్నదని నువ్వు అడిగినదానికి జవాబు ఇదే.

తర్వాత మన ఇంటికి రావడం మానేసింది. ఒక పొద్దున నేను ఒడ్డు మీద నిలబడి ఉంటే, ఆమె తన బర్రెలను విప్పి తన వరి మడిలోకి తోలింది. పొట్ట మీద ఉన్న వరి. ఎవరూ తరమలేదు, అరవలేదు. ఆమె గట్టున కూర్చొని బర్రెలు మేస్తుంటే చూస్తున్నది. ఎండిన మడి ఒక్కటే కాదు, కింద ఇంకా పచ్చగా ఉన్న మడిలోకి కూడా అవి దిగుతున్నాయి. వాటిని ఆపడానికి ఆమె లేవలేదు.

మోటారు ఆపాను. పనివాళ్లను పిలిచి దాన్ని పైకి లాగించి, బోరు మూతి మీద బండ పెట్టించాను. ఆ రోజే ఇంజనును బండి మీద ఎక్కించి జనగామ తోలుకపోయాను. పెద్దులు నన్ను చూసి ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. లేతు షాపులో తొలిపించి, పిస్టను ఎక్కించి ఇచ్చాడు. ఇప్పుడు ఆ ఇంజను మొదట తెచ్చినప్పటి లెక్కనే కొడుతున్నది. నువ్వు రాసింది నిజమే, పదేళ్లకు ఢోకా లేదు.

మోటారు ఆగినాక ఆమె బావిలో నీళ్లు మెల్లగా ఊరాయి. ఇంజను తోలుకపోయి పైపు దించుతుంటే వచ్చింది. కలుపు ఆడవాళ్లు అక్కడే ఉన్నారు.

"ఎవలిని అడిగి తెచ్చినవ్? నీ కొడుకు తెమ్మన్నడా?" అన్నది.

అప్పుడు చెప్పాను. తల దించుకొని చెప్పలేదు, నిలబడి చెప్పాను.

"సంజీవ బోరు ఎయ్యమని రాయలే. ఇంజను బాగు చేపియ్యమని రాసిండు. నాకు చదువరాలే. వచ్చిన కాడికి చదివిన, రానిది ఇడిచిపెట్టిన. వాని తప్పు లేదు, వాన్ని తిట్టకు."

ఆడవాళ్లు ఎవరూ నవ్వలేదు. మీ మేనత్త తిడుతుందని అనుకున్నాను. ఆమె నా ముఖం వైపు చూసి, నెమ్మదిగా అడిగింది.

"మరి నా కాయితాలు గూడ గట్లనే చదివినవా అన్నా?"

ఆమె మొగుడు పోయినప్పటి నుంచి ఆమె కాగితాల పెట్టె మన ఇంట్లోనే ఉన్నది. పట్టా కాగితాలు, సొసైటీ నోటీసులు, మహదేవపూర్ నుంచి అల్లుడు రాసిన ఉత్తరాలు. ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెచ్చేది. నేను చదివి, ఇందులో ఇట్లా ఉంది చెల్లె అని చెబితే, తల ఊపి పెట్టెలో పెట్టించేది. ఇన్ని ఏళ్లలో ఒక్కసారి కూడా ఇంకొకరికి చూపించలేదు. నేను ఏలుముద్ర పెట్టమన్న చోట పెట్టింది.

సరిగానే చదివానని చెప్పాను.  మరునాడు ఆమె మన ఇంటికి వచ్చి, లోపలికి రాకుండా, వదినా నా పెట్టె తేవా అని మీ అవ్వను అడిగింది. మీ అవ్వ నా వైపు చూసింది. తెచ్చి ఇవ్వమన్నాను. మీ మేనత్త దాన్ని నెత్తిన పెట్టుకొని బడికి పోయి, పంతులును కూర్చోబెట్టి అన్నీ చదివించుకున్నది.

పొద్దు గుంకేముందు మళ్లీ వచ్చింది. ఈసారి లోపలికి వచ్చి, గడప దగ్గర కూర్చొని, మీ అవ్వ ఇచ్చిన మంచినీళ్లు తాగింది.

"అన్ని నువ్వు చెప్పినట్లనే ఉన్నయట అన్నా. ఒక్కటి గూడ తప్పు పోలేదట."

నాకు ధైర్యం చెప్పడానికే అంత దూరం నడిచి వచ్చింది. నా చెల్లెలు, నాకు పాసు మార్కులు తెచ్చి ఇచ్చింది. పెట్టె తేలేదు. ఆమె ఇంట్లోనే పెట్టుకున్నది. నేను అడగలేదు.

నిన్ను ఇక తిట్టదు. తిట్టినందుకు బాధపడుతున్నది. ఆమె పంట సగం పోయింది. మన వడ్లు వచ్చినాక ఆమె గాదె నింపుతానంటే, వద్దన్నది. ఇంజను వంతు మాత్రం పాత లెక్కనే నడుస్తున్నది. మోటారు కొట్టంలో ఉంది. నువ్వు తీసుకపోతే తీసుకపో, లేకపోతే అక్కడే ఉంటుంది. కొత్తదా పాతదా అని అడిగావు కదా, అది జవాబు.

నీకు కూడా ఒక మాట అనాలి. నీ బాపుకు ఎంత చదువు వచ్చునో నీకు తెలియదా? పలక మీద నీకు అక్షరాలు దిద్దించింది నేను. నాకు వచ్చినవన్నీ నువ్వు ఒక్క ఎండాకాలంలో నేర్చుకొని, ఇంకేమిటి బాపూ అని అడిగావు. ఇంకేమీ లేవని నేను చెప్పలేదు, బడికి పో అన్నాను. అది మరిచిపోయి నాకు గొలుసురాత రాశావు. పనివాళ్లకు రాసినట్లు రాశావు. నేను చదివే మాటలేవో, చదవలేని మాటలేవో ఒక్క క్షణం ఆగి చూసుకోలేదు.

ఇకమీదట నీ ఉత్తరం వస్తే పంతులు చదవాలని మీ అవ్వ పట్టుబట్టింది. సరే అన్నాను. అతను బడి అరుగు మీద కూర్చొని గట్టిగా చదువుతాడు, పోయేవాళ్లు వచ్చేవాళ్లు నిలబడి వింటారు. కనుక క్షేమం రాయి, వానలు రాయి, పిల్ల నడుస్తున్నదా మాట్లాడుతున్నదా రాయి. కోడలితో తగవు ఉంటే రాయకు. నా మీద కోపం ఉంటే రాయకు. ఈ ఉత్తరానికి జవాబు కూడా రాయకు.

ఇట్లు,
నీ బాపు
జగపతి