ఆవిరైపోయిన ఇస్త్రీపెట్టె

మార్చి 14, గురువారం సాయంత్రం.

ఈ రోజు పనులు: సామాన్ల గది సర్దాను. దుప్పట్లు ఉతికి ఆరేశాను, మసి వాసన వదల్లేదు, మళ్ళీ ఉతకాలి. కిటికీ రెక్కలు తుడిచాను. మీ బావ చొక్కాలకు గుండీలు కుట్టాను. ఇస్త్రీకి మాత్రం మనసొప్పలేదు. నీకు ఉత్తరం రాయడం మిగిలింది.

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. నువ్వూ, మరదలూ, పిల్లలూ కులాసా అని తలుస్తాను. ఇంట్లో మేమూ కులాసాయే. గడప దాటితేనే ఆ మాట అనలేం. పాత బజారులో ఈ చివర నిలబడితే ఆ చివర కనిపిస్తోంది. చెక్క స్తంభాలు, నగిషీ తలుపులు, మేడ మీది వరండాలు అన్నీ బొగ్గయ్యాయి. రాతిమెట్లు మిగిలాయి, ఎక్కి వెళ్ళడానికి ఏమీ లేకుండా.

నిప్పు ఎలా అంటుకుందో విచారించి నువ్వు రాసిన నివేదిక నిన్న వీధి సంఘం ఆఫీసు గోడకు అంటించారు. సెలవు రోజున టైలరు బాబాయి ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపకుండా వెళ్ళిపోయాడని, నిప్పు అక్కడే పుట్టిందని రాశావు. అది చదివిన దగ్గర్నుంచి నాకు అన్నం సహించడం లేదు. మళ్ళీ కట్టే షాపుల వరసలో ఆయనకు చోటివ్వరట. నిప్పు పెట్టినవాడికి షాపు కూడానా అని వీధి సంఘం అధ్యక్షుడు పదిమందిలో అన్నాడట. ఈ వీధిలో పుట్టిన ప్రతి పిల్లకూ మొదటి గౌను కుట్టిన మనిషిని పట్టుకుని ఆ మాట.

ఒక్కటి అడుగుతాను. బూడిదలో ఆయన కత్తెర దొరికింది. మిషను తల దొరికింది. చివరికి ఇత్తడి గుండీలు కూడా దొరికాయి. అంత బరువున్న పెట్టె ఒక్కటే దొరకలేదు. "పూర్తిగా దగ్ధమైనట్లు భావించడమైనది" అని రాసి సంతకం పెట్టావు. ఇనుము కర్పూరమా, తమ్ముడూ?

ఊరికి కొత్తవాడైతే సరిపెట్టుకునేదాన్ని. నువ్వు ఆ వీధిలో పెరిగావు. సెలవు రోజున ఆ షాపుల్లో పనిముట్లు ఉండవని నీకు తెలియదా? షట్టరు దించే ముందు అడిగినవాళ్ళకు అడిగింది అరువిచ్చి పంపడం వాళ్ళ పద్ధతి. వడ్రంగి రంపం ఒకరింటికి, కిరాణా తక్కెడ ఇంకొకరింటికి, ఇస్త్రీపెట్టె మరొకరింటికి. మర్నాడు షాపు తెరిచే వేళకు తిరిగి చేర్చాలి. ఆ తక్కెడ మనింటికి వచ్చినప్పుడు పిల్లిని తూచబోయి చేతులు గీరించుకున్నది ఎవరు?

నిప్పు ఎక్కడ పుట్టిందో ఎదురింటి పాలావిడ నీకు చెప్పింది. మొదట మెరిసింది షాపు లోపల కాదని, పైన కొత్త బోర్డు వెనకని. పాత వీధిని అందంగా చూపిస్తామని సంఘంవాళ్ళు స్తంభాలన్నిటికీ ఒకే రకం ప్లాస్టిక్ బోర్డులు బిగించి, వాటి వెనక దీపాల వైర్లు కుక్కారు. ఎండిన చెక్క మీద అవి వద్దని బాబాయి మొత్తుకున్నాడు. పాలావిడ మాట నీ కాగితంలో ఎక్కడా లేదు. అధ్యక్షుడి మాట మాత్రం పేజీ పేజీకీ ఉంది.

నిన్న ఆ కాగితం చూసి, పెట్టె అరువిచ్చానని బాబాయి ఆఫీసులో చెప్పాడు. ఎవరికి అని అడిగారు. అక్కడ నోరు మెదపలేదు. తీసుకున్నావిడ భర్త అధ్యక్షుడి చేతి కిందే పనిచేస్తాడు. కథలు చెప్పకు అని నవ్వి పంపేశారట. బయటికి వచ్చాక ఆయన నాతో అన్నది ఒక్కటే మాట. "పెట్టె అరువిచ్చాను గానీ, దాంతోపాటు గొడవ కూడా ఇచ్చి పంపుతానా అమ్మా?"

సోమవారం సంఘం కూర్చుంటుంది. ఆలోపు వచ్చి నీ కాగితం నువ్వే దిద్దు. తెలియక రాశాడు అని ఇవాళ్టికి నలుగురికీ చెప్పగలను. ఇది చదివాక కూడా దిద్దకపోతే ఏం చెప్పుకోవాలో నాకు తెలియదు.

దీవెనలతో, అంతకు మించిన కోపంతో,
మీ అక్క

తా.క. శుక్రవారం మధ్యాహ్నం. ఉత్తరం పోస్టులో వేయకుండా ఆపాను.

ఆ పెట్టె అరువు తీసుకున్నది నేనే. ఈ పొద్దుటిదాకా మా ఇంట్లోనే ఉంది. సెలవు మర్నాడు తిరిగి ఇద్దామంటే ఇవ్వడానికి షాపు లేదు. నాకు చోటు దొరికేదాకా నీ దగ్గరే ఉంచమ్మా అన్నాడు బాబాయి. విచారణకని వచ్చి మా ఇంట్లో దిగినప్పుడు, బ్యాగులో నీ తెల్లచొక్కా నలిగిపోయిందని విసుక్కున్నావు, గుర్తుందా? ఆ పెట్టెతోనే ఇస్త్రీ చేసి ఇచ్చాను. పూర్తిగా దగ్ధమైన పెట్టె నలగకుండా సర్దిన చొక్కా వేసుకుని, కాలిన షాపు ముందు నిలబడి రాసుకున్నావు.

పొద్దున మీ బావకు చెప్పాను, వెళ్ళి చెప్పేస్తానని. ఉద్యోగం మాట ఎత్తుతారనుకున్నాను. లేచి చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "అది బరువు. నువ్వు మోయలేవులే, నేను పట్టుకొస్తాను" అన్నారు.

ఇద్దరం వెళ్ళి అధ్యక్షుడి బల్ల మీద, నీ నివేదిక పక్కన పెట్టాం. ఆయన వేలితో తాకి చూశాడు, ఇంకా వేడిగా ఉంటుందేమో అన్నట్టు. మీ బావతో సాయంత్రం మాట్లాడతానన్నాడు. మాట్లాడనీ. బాబాయిని పిలిపించి, అందరూ చూస్తుండగా పెట్టె ఆయన చేతికిచ్చాను. ఆలస్యమైంది బాబాయ్, ఏమనుకోకు అన్నాను.

నీ లెక్క సోమవారంలోపు నువ్వు చూసుకో. నాది ఇలా రాసుకున్నాను: టైలరు బాబాయి ఇస్త్రీపెట్టె ఒకటి, అరువు. ముట్టజెప్పాను. బాకీ లేదు.