నీ ఫొటో వెనక గోడ

బాపూ, నువ్వు పోయి నేటికి ఏడాది. మన దేవరకొండ ఇంటి మేడ మీద తమ్ముడు వడ్రంగి దుకాణం పెట్టాడు. పెద్ద పెద్ద రంపపు మిషన్లను క్రేన్‌తో పైకెక్కించారు. అవి తిరగడం మొదలైన వారానికే, కింద అమ్మ పడుకునే గదిలో గోడ బీటవారింది.

"స్లాబు గట్టిగుంది, ఫికర్ జెయ్యకక్కా," అంటూ తమ్ముడు ఆ బీట మీద నీ ఫొటో తగిలించాడు. నువ్వైతే కొత్త దూలం ఎక్కిస్తే, అది బరువు మోస్తుందని తేలేదాకా దాని కింద ఎవరినీ పడుకోనిచ్చేవాడివి కాదు.

ఈ పొద్దున దండ మార్చబోతే నీ ఫొటో సన్నగా వణుకుతోంది. బీట ఫ్రేము దాటి పైకప్పు దాకా పాకింది. మా ఇంటికి రమ్మని అమ్మను బతిమాలాను.

"మీ బాపు సూస్తుండు గద బిడ్డా, ఏం గాదు," అని ఆ గోడ పక్కనే నడుం వాల్చింది.

నువ్వు చూస్తున్నది మా వైపు, బాపూ. బీట నీ వెనక ఉంది.